గేటుకి అడ్డం పడ్డ స్టార్

మా నాన్నకి ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డు ఉండేది. ఆయనకి ఒకటే జబ్బు. ఏ వస్తువు చేసినా మనవలు, మునిమనవల కాలం దాకా చెక్కుచెదరకూడదు. ఒకసారి అమ్మకి అట్లకాడ చేసి తెచ్చాడు. దాంతో దోసె తిరగేయబోతే పెనమే తిరగబడింది. అలాంటి మనిషికి క్రిస్మస్ స్టార్ పని అప్పజెప్పకూడదు. కానీ తప్పలేదు.

అప్పటిదాకా గోపాలపట్నంలో అందరిలాగే మేమూ వెదురుకర్రకి కాగితం స్టార్ కట్టి డాబా మీద నిలబెట్టేవాళ్లం. ఒక ఏడు డిసెంబరు వానకి అది నాని ముద్దయి, పక్కింటివాళ్ల కోళ్లగూటి మీద పడింది. చర్చి నుంచి క్యారల్స్ పాడుతూ వచ్చేవాళ్లు మా వీధిలో స్టార్ వెలుగుతున్న ఇళ్ల ముందే ఆగేవారు. ఆ సాయంత్రం మా ఇల్లు దాటి వెళ్లిపోయారు. వాళ్ల కోసం అరిసెల పళ్లెం పట్టుకుని వరండాలో కూర్చున్న నాయనమ్మ, ఆ పళ్లెం అలాగే పట్టుకుని ఏడ్చింది.

నాయనమ్మకి నడుము బాగా వంగిపోయింది. చూపెప్పుడూ నేల మీదే. మనుషుల్ని కాళ్లని బట్టి పోల్చుకునేది. నేను కొత్త చెప్పులు వేసుకుంటే "ఎవలమ్మా నువ్వు?" అని అడిగేది. ఆమె ఏడుపు చూడలేక నాన్న మాటిచ్చేశాడు. "వచ్చే క్రిస్మస్‌కి మన స్టార్ తుఫానొచ్చినా కదల్దమ్మా!"

కదలదన్న మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

మరుసటేడు క్యారల్స్ వచ్చే రోజు మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో దిగింది స్టార్. ఇనప యాంగిల్‌తో ఐదు కోణాలు, మధ్యలో కమ్మీలు, వాటి మీద ఎర్ర కాగితం, లోపల బల్బు. షెడ్డులో పనిచేసేవాళ్లు నలుగురు దాన్ని మోసుకొచ్చి గోడకి ఆన్చారు. డాబా ఎక్కించాక టీ ఇద్దామని అమ్మ అంది. నాన్న వింటేనా! వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు.

అప్పుడొచ్చాడు మా మామయ్య, అమ్మ తమ్ముడు. పోర్టులో క్రేన్ కింద నిలబడి ఎటు తిప్పాలో చేతులూపి చెప్పడం ఆయన ఉద్యోగం.

"ఏటి బావా, ఇది స్టారా, ఓడ లంగరా?"

"కబుర్లాపి ఓ సెయ్యెయ్ బామ్మర్దీ!" అన్నాడు నాన్న.

మామయ్య నిజంగానే చెయ్యి వేశాడు, గాలిలో. పైకి, పైకి అని ఊపాడు. క్రేనే లేదు. డాబా మీద నుంచి నాన్నా నేనూ తాడు లాగుతున్నాం. స్టార్ జానెడు లేచింది. పిట్టగోడ ఇటుకలు రెండు ఊడొచ్చాయి. స్టార్ జారిపోయి, సరిగ్గా గేటుకి అడ్డంగా నిలబడి, ఒక కోణం మట్టిలో దిగబడింది. బల్బు కూడా పగల్లేదు. ఆ కష్టంలోనూ నాన్న దాన్ని చూసి మురిసిపోయాడు.

అంతలో వీధి మొదట్లో డ్రమ్ము చప్పుడు. అమ్మ గబగబా స్విచ్ వేసింది. క్యారల్స్ వాళ్లు ఆగారు. ఆగారు గానీ లోపలికి దారేదీ? క్రిస్మస్ తాత వేషం కట్టినాయన కమ్మీల మధ్య నుంచి దూరబోయాడు. పొట్టకి కట్టుకున్న దిండు యాంగిల్‌కి తగిలి చిరిగి, వీధంతా దూది.

నాయనమ్మ పళ్లెంతో మెల్లగా వచ్చింది. ఈ ఏడూ ఏడిపించామనుకుని నాన్న తల దించుకున్నాడు. ఆమె స్టార్ దగ్గర ఆగిపోయింది. ఎర్రటి వెలుగు ఆమె మొహం నిండా పడింది.

"నచ్చత్రమేరా? ఎన్నేళ్లయిందిరా సూసి! ఏటేటా మీరు మీదెక్కడో కడతన్నారు. నాను మెడెత్తలేను కదా, నాకేటి కనిపిస్తాది?"

ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉండి, ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వుతూ, కమ్మీల మధ్య నుంచి ఒక్కో అరిసే పాడేవాళ్ల చేతుల్లో పెట్టింది.

మర్నాడు షెడ్డు నుంచి నలుగురూ మోకులతో వచ్చారు. మామయ్య అప్పటికే చేతులెత్తి సిద్ధంగా ఉన్నాడు.

"ఉండనీండి," అన్నాడు నాన్న.

ఆమె ఉన్నన్నాళ్లూ మా స్టార్ నేల మీదే వెలిగింది. ఏటా డిసెంబరంతా మేం గోడ దూకి తిరిగాం.