మస్తాన్ బాబాయ్ గుర్తుపెట్టుకున్న మూలలు

జగ్గయ్యపేటలో నేను పనిచేసే డీటీపీ సెంటర్లో కంప్యూటర్ పొద్దున అప్‌డేట్ అయింది. తెర నిండా ఫోన్లో ఉన్నట్టు పెద్ద పెద్ద రంగు గళ్లు వచ్చాయి, స్టార్ట్ బటన్ మాయమైంది.

“అచ్చం ఫోన్ లాగే ఉంది! బాగుంది కదా మస్తాన్ గారూ?” అని ఓనరు మురిసిపోయారు.

ఇరవై ఏళ్లుగా అక్కడ శుభలేఖలు టైప్ చేస్తున్న మస్తాన్ బాబాయ్ “బాగుందండి” అన్నాడు. మౌస్‌ని తెర నాలుగు మూలలకీ తిప్పి చూస్తున్నాడు. ఓనరు బయటికెళ్లగానే నా వైపు వంగాడు.

“అమ్మాయ్, నాకు ఇంగ్లీషు చదవటం రాదు. ఏది ఏ మూలనుందో గుర్తుపెట్టుకుని లాక్కొస్తున్నా. ఆయనకి చెప్పమాకు, పన్లోంచి తీసేస్తాడు.”

పాత రూపు ఎలా తేవాలో డిగ్రీ చదివిన నాకూ దొరకలేదు. ఈ రోజుకి ఆయన పని కూడా నేనే చేసి గట్టెక్కించా. రేపు నాకు నందిగామలో పరీక్ష. కంప్యూటర్ ముందు బాబాయ్ ఒక్కడే ఉంటాడు, వెనక ఓనరు.

పాత రూపు తెచ్చే దారి తెలిసినవాళ్లు కింద కామెంట్లో ఇప్పుడే చెప్పండి. కొత్తది బాగుందనేవాళ్లు మాత్రం ఎల్లుండి దాకా ఆగండి.