గోడ మీది పాదాలు

ఎనభైల మొదట్లో సంగతి. అమెరికాలోని వెర్మాంట్‌లో ఒక పల్లె దగ్గర మా కారు ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. అది చల్లబడేలోపు రోడ్డు పక్కనున్న చెక్క చర్చి చూద్దామని వెళ్ళాను. గుంటూరు అలవాటు ఎక్కడికి పోతుంది? బూట్లూ మేజోళ్ళూ గుమ్మం బయటే విడిచాను.

లోపల ఒక ముసలావిడ పియానో తుడుస్తోంది. నా వట్టి కాళ్ళ వంక చూసి, "బూట్లు ఏమయ్యాయి?" అంది.

"మా వైపు చర్చిలోకి చెప్పులతో వెళ్ళమండీ."

ఆవిడ గుడ్డ పక్కన పెట్టి, నన్ను పాస్టరు ప్రసంగించే పుల్పిట్ వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. మా చర్చి గోడలకు సున్నం తప్ప మరేమీ ఎరగనివాణ్ణి, నోరు తెరుచుకుని నిలబడిపోయాను. గోడంతా ఒకటే బొమ్మ. క్రీస్తు శిష్యుల కాళ్ళు కడుగుతున్నాడు.

"మా నాన్న వేశాడు. శిష్యులుగా కూర్చున్నవాళ్ళంతా మా ఇంటివాళ్ళే. ఆ గడ్డం ఆయన మా తాతయ్య. వీళ్ళిద్దరూ బాబాయిలు."

పళ్ళెంలో కాలు పెట్టిన యువకుడి దగ్గర ఆవిడ గొంతు తగ్గింది.

"మా తమ్ముడు. వాడికి చక్కిలిగింతలెక్కువ. అందుకే చూడండి, వేళ్ళు ముడుచుకున్నాడు. నాన్న అలాగే వేసేశాడు. ఆ ఏడే తమ్ముడు యుద్ధానికి వెళ్ళాడు, తిరిగి రాలేదు."

నేను దగ్గరికి వంగి, ముడుచుకున్న ఆ వేళ్ళు చూశాను.

"ఈ చర్చిలో వట్టి కాళ్ళు ఇన్నేళ్ళూ గోడ మీదే చూశాను," అంటూ ఆవిడ ముందు బెంచీ మీద కూర్చుని, మెల్లగా తన బూట్ల లేసులు విప్పుకోసాగింది.