మొండక్క అప్‌డేటు

ప్రెస్సులో ఆమె అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. బైండింగు గదిలో వాళ్ళ దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అందరికీ ఆమె మొండక్కే. మొదట్లో చాటుగా అనేవారు. ఓ రోజు ఎవరో నోరు జారి ఎదుటే అనేశారు, ఆమె "ఏంటి?" అని పలికింది. అంతే, అదే ఖాయమైపోయింది. మొండిదాన్ని మొండి అనక ముద్దుపేరు పెడతారా ఏమిటి అని ఆమె వాదన.

ఆ మొండక్క కుర్చీకే ఎసరు వచ్చింది. ప్రెస్సు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయనకు కళ్ళు మసకబారాక ఏడాదిగా పెత్తనమంతా అల్లుడి చేతికి వచ్చింది. ఆ అల్లుడు పొద్దున్న తొమ్మిదిన్నరకే ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి కూడా రాకుండా.

"ఆంటీ, అచ్చు ప్లేట్లు తీసే కొత్త మిషను వచ్చి పది రోజులైంది. మీ కంప్యూటర్ మాట అది వినట్లేదు. సిస్టమ్ అప్‌డేట్ అయితే తప్ప కుదరదని మిషను అమ్మినవాళ్ళు మరీమరీ చెప్పారు."

"చేస్తూనే ఉన్నాను బాబూ. సగంలో ఆగిపోతోంది."

"వారం నుంచీ ఇదే మాట. ఇవాళ నాలుగింటికి బయట పేజీలు కట్టేవాళ్ళు వస్తున్నారు. ఆలోపు మీ మిషన్ నుంచి ఒక్క ప్లేటు తీసి చూపించండి, సరే. లేదంటే పేజీల పని మొత్తం వాళ్ళకిచ్చేస్తాను. మీరు హాయిగా ఇంట్లో రెస్ట్ తీసుకోండి."

"పెద్దాయనకి తెలుసా ఈ సంగతి?"

"మామయ్యగారు సరేనన్నారు."

అల్లుడి మాటకు ఒళ్ళు మండితే మండింది గానీ, పెద్దాయన సరేనన్నాడన్న మాటకు మొండక్కకు గుండెలో కలుక్కుమంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు! ఇరవై రెండేళ్ళ వయసులో, మగవాళ్ళంతా వరసగా నిలబడి సీసపు అక్షరాలు పేర్చే గదిలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. వారం తిరక్కుండా పారిపోతుందని ఫోర్‌మన్ పందెం కాశాడు. పాదాలు వాచిపోయినా కూర్చోకుండా పేర్చింది. తర్వాత కంప్యూటర్లొచ్చి సీసమంతా తుక్కు కింద పోయినప్పుడు తొమ్మిదిమందిని ఇంటికి పంపించారు. ఈమెనూ పొమ్మన్నారు. పోలేదు. "నేర్పించండి, రాకపోతే అప్పుడు పంపండి" అని గుమ్మంలో బైఠాయించింది. నేర్చుకుంది. ఆ కంప్యూటరుకు రోజుకో వైరస్ పట్టి పేజీలు పాడైపోతుంటే, ఓ లావుపాటి పుస్తకం కొనుక్కుని, రెండు ఆదివారాలు కూర్చుని ఆ మిషన్ని లైనక్స్ అనే వేరే సిస్టమ్‌లోకి మార్చింది కూడా ఆమే. అప్పటినుంచి వైరస్ అన్న మాటే లేదు. అలాంటి మనిషి హాయిగా రెస్ట్ తీసుకోవాలట! ఎవడడిగాడు రెస్ట్?

అల్లుడు వెళ్ళగానే కుర్చీ లాక్కుని కూర్చుంది. తెరమీద ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ తెరిచి, అప్‌డేట్ ఆజ్ఞ కొట్టింది. ప్యాకేజీలనే ముక్కలు దిగాయి, విప్పుకున్నాయి, ఒక్కొక్కటే కుదురుకుంటున్నాయి. సరిగ్గా వారం నుంచీ ఆగుతున్న చోటే మళ్ళీ ఆగింది. బారెడు సందేశం గిర్రున పైకి పోయి, అడుగున ఒక్క ముక్క మిగిలింది: లోపం వచ్చింది, ఆపేశాను. ఎందుకొచ్చిందో చెప్పొచ్చు కదా, నీ మొహం మండ!

ఆమెకో నోట్‌బుక్కు ఉంది. పదమూడేళ్ళుగా తాను కొట్టిన ప్రతి ఆజ్ఞా తారీఖుతో సహా అందులో చేత్తో రాసుకుంటుంది. దాన్ని ముందు పెట్టుకుని ఒక్కో మందూ వేసి చూసింది. సగంలో ఆగినవాటిని పూర్తి చెయ్యమంది, అదే లోపం. విరిగినవాటిని అతికించమంది, అదే లోపం. దింపుకున్నవన్నీ చెరిపేసి మళ్ళీ దింపుకోమంది. అరగంట తిని, అదే లోపం. తల ప్రాణం తోకకొచ్చింది.

పదకొండున్నరకు అల్లుడు పంపించిన సర్వీసు మనిషి వచ్చాడు. సంచీ కూడా భుజం మీంచి దించలేదు.

"దీనికెందుకండీ ఇంత తంటా? ఫార్మాట్ కొట్టేద్దాం. గంటలో కొత్తగా అయిపోతుంది."

"పేజీలు?"

"కాపీ చేసి పెడతా."

"పేజీలు కాపీ అవుతాయి. పదమూడేళ్ళు కూర్చుని అక్షరం అక్షరానికీ మధ్య ఎడం సరిచేసుకున్నాను, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో నీకు తెలుసా?"

"తెలీదండి."

"నాకూ సగమే తెలుసు. అందుకే ముట్టుకోవద్దంటున్నాను. వెళ్ళి రా నాయనా."

"మీ ఇష్టం. తర్వాత నన్ననకండి" అంటూ అతను అటే వెళ్ళి అల్లుడి చెవిలో ఏదో ఊదాడు. అద్దాల గదిలో ఇద్దరూ నవ్వుకోవడం ఆమెకు కనపడుతూనే ఉంది.

మధ్యాహ్నం డబ్బా విప్పబోతుంటే ఇంటాయన ఫోన్ చేశాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. పొద్దున్న సంగతి ఆమె అప్పుడే చెప్పేసింది.

"పోనీలేవే, వచ్చెయ్. వాళ్ళ బోడి కుర్చీ వాళ్ళకే ఉంచుకోనీ."

"వాళ్ళ కుర్చీ ఏంటి? నాది."

"మరి ఆ పెట్టె కదలట్లేదంటున్నావుగా?"

"మీ బస్సు కదలకపోతే తోసి పారేస్తారా? ఇంజను విప్పుతారా?"

 "విప్పుతాం" అన్నాడు. "సరే, అన్నం తిని విప్పు."

అన్నం సయించలేదు. రెండు ముద్దలకే మూత పెట్టేసింది. ఒంటిగంటన్నర. అదే సందేశం తెరమీద. దాన్ని చూసీ చూసీ కళ్ళు మండుతున్నాయి. చూస్తోంది గానీ చదవట్లేదని అప్పుడు తట్టింది ఆమెకు. వారం నుంచీ అడుగున ఉన్న ఒక్క ముక్కే చూసి తిట్టుకుంటోంది. ప్రెస్సులో పుట్టి పెరిగినంత పనిచేసి, ప్రూఫు ఇలాగా చూడటం?

లేచి పక్క గదికి వెళ్ళింది. అక్కడ ప్రూఫులు దిద్దే ఆయన ఉంటాడు, ప్రెస్సులో అందరికీ బాబాయే. అరవై ఎనిమిదేళ్ళు, మందపాటి కళ్ళజోడు, కంప్యూటరంటే ఆమడ దూరం.

"బాబాయ్, ఓ ప్రూఫుంది. నువ్వు చదవాలి, నేను చూసుకుంటాను."

"ఏం పుస్తకమమ్మా?"

"పుస్తకం కాదు. నా మిషను తిట్లు."

ఆ ప్రెస్సులో ప్రూఫు ఎప్పుడూ ఇద్దరు చూస్తారు. ఒకరు అక్షరం, చుక్క, కామా వదలకుండా పైకి చదువుతారు, రెండోవాళ్ళు కాగితం మీద వేలు పెట్టి వెంట నడుస్తారు. చదివేవాడికి విషయం అర్థం కాకపోతేనే మంచిదని బాబాయి సిద్ధాంతం; అర్థమైతే కళ్ళు ముందుకు దూకేస్తాయట. మొండక్క ఆ బారెడు సందేశాన్ని మొదటినుంచీ కాగితాల మీదకి ఎక్కించింది. ఏడు కాగితాలు వచ్చాయి. బాబాయి కళ్ళజోడు తుడుచుకుని ఎత్తుకున్నాడు. గీత, చుక్క, అంకె, మళ్ళీ గీత. పెళ్ళి మంత్రం చదివినట్టు ఒకే స్వరం. ఆమె వేలు వరసవెంట జరుగుతోంది.

మూడో కాగితం నడుమ "రాయడం కుదరలేదు, చుక్క. స్థలం లేదు, చుక్క" అని చదివాడు బాబాయి.

"ఆగు ఆగు! ఎక్కడ లేదట స్థలం?"

"ఏటవాలు గీత, బూట్ అని ఉందమ్మా."

డిస్కులో సగం పైగా ఖాళీ అని ఆమెకు తెలుసు. కానీ బూట్ అన్నది వేరే గది. మిషను లేవగానే మొట్టమొదట తెరిచే చిన్న గది. పదమూడేళ్ళ కిందట డిస్కును గదులుగా విడగొట్టేటప్పుడు ఆమే దానికి ఇంత జాగా చాలులే అని కోసి పెట్టింది. పరుగున వచ్చి ఆ గది తెరిచి చూసింది. 

సిస్టమ్‌కు గుండెకాయలాంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కొత్త కెర్నెల్ ఆ చిన్న గదిలోకి వస్తుంది, పాతది దానంతటదే పోతుంది. ఇక్కడ పోలేదు. పదకొండు కెర్నెళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పన్నెండోదానికి కాలు పెట్టే చోటు లేదు.

"ఎవరు పోనివ్వలేదమ్మా?" అన్నాడు బాబాయి, వెనకే వచ్చి.

నోట్‌బుక్కు తిరగేసింది. ప్రతి అప్‌డేట్ తారీఖు కిందా తన చేతివ్రాతే: పాతదాన్ని తీసెయ్యొద్దని చెప్పాను.

"నేనే" అంది మొండక్క.

ఎందుకలా చెప్పిందో మరొకరికైతే విప్పి చెప్పాలి, బాబాయికి అక్కర్లేదు. సీసం రోజుల్లో, కొత్తలో, అచ్చు అయిపోయింది కదా అని పేర్చి కట్టిన పదహారు పేజీల ఫారాన్ని ఆమె విప్పేసి అక్షరాలు గళ్ళలో సర్దేసింది. మర్నాడే అవే పేజీలు మళ్ళీ కావాలన్నారు. ఫోర్‌మన్ అందరి ముందూ దులిపేశాడు. మూడు రోజులు నిలబడి మొత్తం మళ్ళీ పేర్చింది. ఆనాటినుంచి కట్టి ఉన్నదేదీ విప్పకూడదని ఆమెకు ఒంటబట్టేసింది. సీసానికి పనికొచ్చిన బుద్ధి ఇక్కడ పీకమీదకి తెచ్చింది. తప్పు మిషనుది కాదు, అల్లుడిది కాదు, తనదే. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకు ఒక్క నిమిషం పట్టింది. ఏడవడానికి మాత్రం టైము లేదు. రెండున్నర.

పాతవాటిని తీసెయ్యమని ఆజ్ఞ ఇచ్చింది. ముందు సగంలో ఆగిన అప్‌డేట్ పూర్తి చెయ్యి, తర్వాతే తీస్తానంది మిషను. పూర్తి చెయ్యమంటే చోటు లేదంది. చోటు చెయ్యమంటే పూర్తి చెయ్యమంది.

"అబ్బో, నాకే నేర్పుతున్నావా మొండితనం!" అంది మొండక్క, పైకే.

లావుపాటి పుస్తకం మళ్ళీ తిరగేసింది. మిషనులో పై అధికారిలాంటి ప్రోగ్రామును అడక్కుండా, కిందిస్థాయి పనివాడిలాంటి దానితో నేరుగా ఒక్క ప్యాకేజీనే తీయించే ఆజ్ఞ ఒకటి ఉంది. తీసేముందు ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏదో అడిగి, దాని అంకె కాగితం మీద రాసి బాబాయి చేతిలో పెట్టింది. అది పొరపాటున పోయిందంటే మిషను ఇక లేవదు.

"నేను తీసే ప్రతిదాని అంకె చదువుతాను. ఆ కాగితంలో ఉన్నది వస్తే అరిచెయ్యి."

"అరుస్తాను" అన్నాడు బాబాయి, కాగితాన్ని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని.

ఒక్కొక్కటే చదివింది, ఒక్కొక్కటే తీసింది. తొమ్మిది పోయాయి. నడుస్తున్నదీ, దాని ముందుదీ మిగిలాయి. ప్రతి దానికీ చెయ్యి తటపటాయించింది గానీ ఆగలేదు. తర్వాత, సగంలో ఆగిన పని పూర్తి చెయ్యమంది. వరసలు కదిలాయి. రోజూ ఆగే చోటుకొచ్చి, దాటి, ముందుకు పోయాయి. బాబాయి కుర్చీ అంచుమీద కూర్చుని, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా రెప్ప వెయ్యలేదు.

మూడూ నలభైకి మిషను ఆపి లేపింది. తెర నల్లగా అయింది. అలాగే ఉంది. ఎంతకీ ఉలుకూ పలుకూ లేదు. మొండక్క అరచేతులు చీరకు తుడుచుకుంది. అప్పుడు వెలిగింది తెర. మరో పది నిమిషాలకు అవతలి గదిలో ప్లేటు మిషను బుర్రుమని మొదటి ప్లేటు కక్కింది. గీతలు సూటిగా, అక్షరాలు నిక్కచ్చిగా.

నాలుగింటికి అల్లుడు వచ్చాడు. వెనక ఇద్దరు బయటివాళ్ళు, వాళ్ళ వెనక కర్ర తాటించుకుంటూ పెద్దాయన. అల్లుడు ప్లేటును వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. వంక దొరకలేదు.

"పర్లేదే ఆంటీ. పాసయ్యారు" అని నవ్వాడు. "అయితే ఈసారికి మిమ్మల్నే ఉంచుతున్నాం."

అందరూ ఆమె సంతోషిస్తుందనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది నిజానికి. కానీ 'ఈసారికి' అన్న మాట చెవిలో పడగానే, ఎదుట ఉన్న నోట్‌బుక్కు మూసేసింది. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఉండండి. ఈ మిషను పాడవడం నా తప్పే, ఒప్పుకుంటాను. బాగు చేసిందీ నేనే. కానీ ఇవాళ ఇది లేచింది గనక నాకు కుర్చీ ఉంది. రేపు లేవకపోతే? మళ్ళీ నాలుగింటికి ఎవర్నో తీసుకొచ్చి గుమ్మంలో నిలబెడతారా?"

"అమ్మాయ్, కోపమెందుకు? కూర్చో" అన్నాడు పెద్దాయన. ఆమెకు యాభై మూడొచ్చినా ఆయనకింకా అమ్మాయే.

"కూర్చోను పెద్దయ్యా. మీరు సరేనన్నారట. ముప్ఫై ఒక్క ఏళ్ళ మనిషిని ఒక్క మాటైనా అడక్కుండా సరేనన్నారు. నాకదే కష్టమనిపించింది. మిషను నడిచినా ఆగినా ఈ పని నాదేనని, తీసెయ్యాలంటే ముందు నన్ను కూర్చోబెట్టి మాట్లాడతామని కాగితం మీద రాసివ్వండి."

"రాతలెందుకండీ ఇప్పుడు, ఎవరైనా వింటే—" అన్నాడు అల్లుడు.

"విననీ."

"నేను మాటిస్తున్నానుగా అమ్మాయ్?"

"మాట నమ్మే పొద్దున్నదాకా ఉన్నాను."

 బాబాయి కుర్చీ వెనక్కి జరిపి, మోకాళ్ళు పట్టుకుని లేచి, ఆమె పక్కన నిలబడ్డాడు. బయటివాళ్ళిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుని తలుపువైపు జరిగారు. పెద్దాయన మసక కళ్ళతో ఆమె ఉన్న వైపు చాలాసేపు చూశాడు. తర్వాత అల్లుడి వైపు తిరక్కుండానే చెయ్యి చాపాడు.

"కాగితం ఇలా తే" అన్నాడు.