జీడి మరక అనుకున్నది

మా చిన్నమ్మ ఎడమ మడమ మీద ఆ నలుపును నేను మొదట చూసింది ద్రాక్షతోటలో. తొంభైల చివరి సంవత్సరాలు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఇంకా చాలాచోట్ల ద్రాక్ష పందిళ్లే కనిపించేవి. నేను మేడ్చల్ నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. ధర పడిపోయిందని రైతులు కబురు పెడితే ఆ తోటకు వెళ్లాను. అమ్మ చెల్లెలైన చిన్నమ్మ అక్కడే కోతకు కూలికి వచ్చేది. పందిరి కింద బురదలో చెప్పులు నిలవవు, అందరూ వట్టి కాళ్లతోనే తిరుగుతారు. నేను వెళ్లేసరికి ఆమె గట్టు మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటోంది. బురద పోయింది కానీ మడమ మీద రేగుపండంత నలుపు అలాగే ఉంది.

అదేమిటని అడిగాను.

"ఆనె లేసింది బిడ్డా. జీడి పెట్టిన, గందుకే నల్లగైంది. ఏంది, నా మడిమె ఫోటో నీ పేపర్ల ఏస్తవా?"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి రైతుల దగ్గరికి వెళ్లిపోయాను.

అరికాలిలో ఆనె లేస్తే, అంటే చర్మం కాయ కాసి గట్టిపడితే, నల్లజీడి గింజను సూదికి గుచ్చి దీపం మీద కాలుస్తారు. చిమ్మే నూనెను ఆనెకు అంటిస్తారు. చర్మం నల్లగా మాడి, కొన్నాళ్లకు ఆనెతో సహా ఊడిపోతుంది. మా వైపు ఆ మరక లేని ఇల్లు అరుదు. అందుకే జీడి పెట్టానని చెప్పిన మనిషి కాలు నల్లగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు. నలుపు పోనప్పుడల్లా చిన్నమ్మ మళ్లీ జీడి పెట్టింది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు కూడా జీడి కాల్చుకుని పుండు చేసుకున్నావని కసిరి, పూతమందు ఇచ్చి పంపాడు. చూసిన ప్రతివాళ్లూ మచ్చను సరిగా చూడకముందే జీడి సంగతి విన్నారు. నేనూ అంతే.

వానాకాలం వచ్చేసరికి మడమ నుంచి రక్తం రావడం మొదలైంది. కాలు కింద ఆనడం లేదని, పట్నంలో తెలిసిన డాక్టరు ఉంటే చూపించమని చిన్నాయన మేడ్చల్ వచ్చి అడిగాడు. మర్నాడే ఆమెను బస్సులో పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను.

చర్మరోగాల డాక్టరు నడివయసు మనిషి. భూతద్దంతో మడమను చాలాసేపు చూశాడు. చిన్నమ్మ అలవాటుగా జీడి సంగతి ఎత్తుకుంది. ఆయన మధ్యలో ఆపాడు.

"జీడి పెట్టకముందు అక్కడ ఏముండె అమ్మా?"

"నల్లగ సన్న మచ్చ ఉండె సారూ. ఆనెనే అనుకొని జీడి పెట్టిన."

ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. ఏది ముందు, ఏది తర్వాత అని అడగడమే పనిగా బతికేవాణ్ని, నాకు తోచలేదు.

ముక్క పరీక్షకు పంపారు. పది రోజుల తర్వాత మళ్లీ వెళితే ఆయన నన్ను దగ్గరికి పిలిచి చెప్పాడు. అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్. మనలాంటి రంగువాళ్లకు ఎండ తగిలే చోట కాకుండా అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుందట. మడమ దగ్గరే ఆగి ఉంటే చుట్టూ మంచి చర్మంతో సహా కోసి తీసి, తొడ చర్మం తెచ్చి అతికిస్తారు. మనిషి దక్కే ఆశ బాగా ఉంటుంది. గజ్జల్లోకి పాకి ఉంటే ఆ ఆశ తగ్గిపోతుంది.

తర్వాత ఆయన చిన్నమ్మ వైపు తిరిగి, గజ్జల్లో గడ్డలేమైనా చేతికి తగులుతున్నాయా అని అడిగాడు.

చిన్నమ్మ కొంగు దగ్గరికి లాక్కుని నేల చూసింది. తల్లి వరస మనిషిని కొడుకు వరసవాడి ముందు ఎవరూ అడగని మాట అది. నేను బయటికి వెళ్లి ఉండాల్సింది. ఆమె ఇబ్బంది తప్పించాలని, నా ఇబ్బంది కూడా తప్పించుకోవాలని, "ఏం లేవు సార్" అన్నాను.

ఆయన లేవని రాసుకున్నాడు. ఎందుకైనా మంచిది, చేర్చుకున్నప్పుడు లేడీ డాక్టరు చూస్తుందన్నాడు. చేరిన రోజు వార్డు కిక్కిరిసి ఉంది. లేడీ డాక్టరు పాత కాగితం చదివి, అందులో ఉన్నదే కొత్త కాగితం మీద రాసింది. వార్త మొదటి కాపీలో పడ్డ తప్పు ఎంత దూరం వెళ్తుందో మా పనిలోవాళ్లకు బాగా తెలుసు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అతికించిన చర్మం పట్టుకుంది. చలికాలానికి చిన్నమ్మ చెప్పులో బట్ట మడిచి పెట్టుకుని వాకిట్లో నడిచేది. గండం గడిచిందనే అందరం అనుకున్నాం.

ఆ తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, చీర సర్దుతున్న నర్సమ్మ చేతికి గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ తగిలింది. ఎప్పటి నుంచి ఉందని అడిగింది. నేను తెర బయట ఉన్నాను, మాటలు వినిపిస్తున్నాయి.

"పోయిన కోతలప్పటి సంది ఉన్నదమ్మా. కాలుకు పుండైతె గజ్జల బిళ్ల కట్టదా ఏంది? అందరికి కట్టేదే గద."

నిజమే. మా ఊళ్లలో కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టినా గజ్జల్లో బిళ్ల కడుతుంది. పుండు మానితే అదే పోతుంది. దాన్ని ఎవరూ రోగమని లెక్కపెట్టరు.

బయటికి వచ్చాక, మొదటి రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతులో కోపం ఉంది. ఆమె గొంతులో లేదు.

"నువ్వే అంటివి గద బిడ్డా, ఏం లేవని. నీ ముంగట నేనెట్ల జెప్పుదు? సదువుకున్నోనివి, బిళ్ల లెక్కలకు రాదని నీకెరుకనే గావచ్చు అనుకున్న."

గజ్జల్లో గడ్డలన్నీ తీశారు. ఆ కాలు బోదకాలులా వాచి తిరిగి తగ్గలేదు. తర్వాతి వేసవికి దగ్గు మొదలైంది. ఊపిరితిత్తులకు పాకిందని, ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమని చెప్పారు. ముందే తెలిస్తే దక్కేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. గడ్డ అప్పటికే ఉందంటే రోగం కూడా అప్పటికే పాకి ఉంటుంది, అయినా కొన్ని నెలలు పోగొట్టుకున్నామని చెప్పి, తలుపు వైపు చూసి తర్వాతి పేషెంటును పిలిచాడు.

చిన్నమ్మ పోయాక చిన్నాయన కూడా అదే అడిగాడు. "దవాఖానోళ్లు అప్పుడే సరిగ జూసుంటే దక్కుతుండె గద బిడ్డా?"

చెప్పలేమన్నారు అన్నాను. కొన్ని నెలల సంగతి చెప్పలేదు. ఆ గదిలో డాక్టరుకు జవాబిచ్చింది ఎవరో చిన్నమ్మ ఆయనకు చెప్పకుండానే వెళ్లిపోయిందని అప్పుడు అర్థమైంది. చిన్నాయన ఇంకా పదేళ్లు బతికాడు. మేడ్చల్ వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి, ఆసుపత్రుల చుట్టూ నేను తిరిగిన తిరుగుడు గురించి మా ఇంటావిడకు చెప్పి మెచ్చుకునేవాడు. నేను ఏదో పని ఉన్నట్టు లేచి లోపలికి వెళ్లేవాణ్ని.