మా ఊళ్లో నారికురుపు లేదు

తొలకరి పడిందంటే మా ఆయన మంచాన పడేవాడు. కాలికి నారికురుపు లేచి, అందులోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి, తెగకుండా రోజూ కాస్త లాగాలి. తెగిందంటే కాలంతా చీము పట్టేది. త్రిపురారం దగ్గర మా అత్తగారి ఊళ్లో అందరం మెట్ల బావిలోకి దిగి, మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి కడవ ముంచుకునేవాళ్లం. రోగం ఆ నీళ్లలోనే ఉందని మాకేం తెలుసు?

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు ఒక సర్కారు మనిషి వచ్చాడు. కోదాడ వైపు వాడు, మాట తీరే వేరు. "ఎవరికైనా నారికురుపు ఉందా అమ్మా? ఎంతమందికుందో తేలితే, నీళ్లలోకి దిగకుండా తోడుకునే చేదబావి తవ్విస్తారు" అన్నాడు.

మామ నమ్మలేదు. నమ్మడానికేముంది? అప్పటిదాకా కాగితం పట్టుకొచ్చిన వాడల్లా లెవీ పేరుతో మా గింజలు కొలుచుకుపోయినవాడే.

"లెక్కలడిగేటోడు బావి తవ్విస్తడా? ఉన్న బావి మూయిస్తరు. పోరన్ని సూర్యాపేట దవాఖానకు గుంజుకపోయి కాలు కోస్తరు" అని మా ఆయన్ని కొట్టంలో చొప్ప వెనక పడుకోబెట్టాడు. ఊరంతా అదే పని చేసింది.

"మా ఊర్ల గసొంటి రోగమే లేదు సారూ" అంది అత్త, కళ్లార్పకుండా. ఆ సర్కారు మనిషి మంచినీళ్లడిగాడు. చెంబు మూతికి రుమాలు మడతపెట్టి, వడగట్టుకుని తాగాడు.

"సూసినవా, మన నీళ్లకు వంక పెడుతుండు. వీన్ని అసలే నమ్మద్దు" అన్నాడు మామ. నాకూ అలాగే అనిపించింది.

పక్క ఊరివాళ్లు మాత్రం కుంటుకుంటూ వచ్చి ఆయనకు కాళ్లు చూపించారట. ఎండాకాలం వెళ్లేలోగా వాళ్లకు గట్టు కట్టిన చేదబావి వచ్చింది.

మళ్లీ తొలకరికి మా ఆయన కాలు వాచింది. మామ బండి కట్టి, కొడుకును ఎక్కించుకుని, మాకూ బావి అడగడానికి మిర్యాలగూడ తాలూకా కచేరీకి వెళ్లాడు.

"మీ ఊర్ల ఎవ్వలికీ లేదని మీరే చెప్పిన్రు గదా పెద్దాయనా. రోగమున్న ఊళ్లకే బావులిచ్చినం" అన్నాడట అక్కడి గుమాస్తా.

మామ తిరిగొచ్చి తలపాగా విప్పి మంచం మీద కొట్టాడు. "నేను జెప్పలే? మనకియ్యద్దని వాళ్లు ముందే అనుకున్నరు."

నాకు ఒళ్లు మండింది. చీర కుచ్చెళ్లు పైకి లాగి, పొద్దుటి నుంచి మంటపెడుతున్న మడమ చూపించాను. బొబ్బ పగిలి, తెల్లటి కొస కనిపిస్తోంది.

"ఈపాలి ఆ సారొస్తే దీన్ని గూడ దాద్దామా అత్తా?"

మామ తల తిప్పుకున్నాడు. అత్త పుల్ల వెతకడానికి లేచింది.