మేనమామకు కంప్యూటర్ పిలుపు

మా అక్క పెళ్లి పీటల దాకా రాకముందే చెడిపోయేంత పని ఒక మహానుభావుడు చేశాడు. అతను అటు పెళ్లివారి మనిషి కాడు, మేమంటే గిట్టని చుట్టమూ కాడు. సొంత తమ్ముడు. అంటే నేనే. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇది రాస్తుంటే నాకు మాత్రం ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

అప్పుడే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ప్రోగ్రామరు పొద్దూ ఎరగడు, మనుషుల్నీ ఎరగడు. నాచారంలో మా ఇంట్లో ఎవరు ఏ పని చెప్పినా "దీనికో ప్రోగ్రాం రాస్తే అయిపాయె" అనేవాణ్ణి. రోజూ ఏ కూర వండాలో చెప్పే ప్రోగ్రాం రాస్తే అది వారమంతా బెండకాయే వండమంది. అప్పుడే బుద్ధి రావాల్సింది. రాలేదు.

పెళ్లి పిలుపులు మొదలయ్యే రోజు అమ్మ నన్ను పిలిచి మరీ చెప్పింది.

"సూడు శ్రీకాంతూ, మొదటి పిలుపు మీ మామకే. అంబర్‌పేటకు పొయ్యి, బొట్టు వెట్టి, కార్డు చేతిల వెట్టి రా. ఒక్కసారి పిలిచి ఊకోకు. వస్తనని ఆయన అనేదాక మళ్ల మళ్ల పిలువాలె. ఆయన అయినంకనే మిగిలినోళ్లు."

మల్లేశం మామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. అంబర్‌పేటలో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం. పెళ్లికూతురిని మండపానికి తీసుకురావాల్సింది ఆయనే. పైగా అక్క పెళ్లి జాకెట్ తన చేత్తోనే కుడతానని పట్టుబట్టి కూర్చున్నాడు.

ఆ రోజే ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్. టికెట్ నా జేబులో ఉంది. ఇంక చెప్పాలా? రికార్డు చేసిన నా మాటల్ని చుట్టాలందరికీ ఫోన్‌లో వరసగా వినిపించే ప్రోగ్రాం రాశాను. అమ్మ మాట జవదాటని కొడుకుని కదా, ఆమె చెప్పినవన్నీ అందులో పెట్టాను. మొదటి నంబరు మామది. వస్తానని ఆయన ఒకటి నొక్కేదాకా ఐదు నిమిషాలకోసారి మళ్లీ ఫోన్ చెయ్యాలి. ఆయన ఒప్పుకున్నాకే రెండో నంబరు. ప్రోగ్రాం మొదలుపెట్టి, నా తెలివికి నేనే మురిసిపోతూ మ్యాచ్‌కి పోయాను.

ఆట అయ్యాక బయటికొచ్చి చూస్తే అక్క నుంచి ఫోన్ల మీద ఫోన్లు. చేశాను.

"ఏడ సచ్చినవ్ రా?" ఏడుస్తోంది. "మామ నా పెండ్లికి రాడంట! జాకెట్ కుట్టుడు గూడ ఆపిండంట!"

"ఎందుకే? ఏమైంది?"

"నువ్వే గద పొద్దుగాల్నుంచి ఫోన్ జేసి సతాయిస్తున్నవ్!"

"నేనేడ జేసిన? నేను మ్యాచ్ కాడ..." అనేసి నాలిక కరుచుకున్నాను.

వెంటనే నాన్నకు ఫోన్ చేశాను. "నాయినా, కంప్యూటర్ బంద్ జెయ్యి!"

"ఎట్ల బంద్ జేసుడు?"

"తీగ పీకు నాయినా, తీగ పీకు!"

ఆటో పట్టుకుని అంబర్‌పేట చేరేసరికి అమ్మా అక్కా దుకాణంలోనే ఉన్నారు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లూ ఉన్నారు. కుట్టుమిషన్ మీద ఒంటి చేతితో అక్క జాకెట్ వేలాడుతోంది. మామ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"రాండ్రి సార్. నేను ఒకటి నొక్కాల్నా, రెండు నొక్కాల్నా?"

"మామా, అది ప్రోగ్రాం..."

"ప్రోగ్రామా? ఇను నీ ప్రోగ్రాం."

ఆయన ఫోన్‌లో వచ్చిన ప్రతి మాటా రికార్డవుతుందట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. మొదట నా గొంతే వినిపించింది.

"నమస్కారం. మా అక్క రజిత వివాహానికి మిమ్మల్ని సకుటుంబంగా ఆహ్వానిస్తున్నాం."

"అరె అల్లుడా! మస్తు దినాలకు యాదికొచ్చిన గద రా! ఎట్లున్నవ్? తిన్నవా?" ఇది మామ.

"వచ్చేవారైతే ఒకటి నొక్కండి."

"ఏంది రా నొక్కేది? గొంతేంది గట్లున్నది? జరమొచ్చిందా?"

"రానివారైతే రెండు నొక్కండి."

"అల్లుడా... ఇనవడుతుందా?"

"మీ జవాబు అందలేదు. ధన్యవాదాలు."

ఆడవాళ్లు పక్కున నవ్వారు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. తిన్నావా అని అడిగిన మనిషికి ధన్యవాదాలు చెప్పి ఫోన్ పెట్టేసినవాణ్ణి నేనే మరి.

"మొదాల నీకు పానం బాగలేదేమో అనుకున్న," అన్నాడు మామ. "కుట్టుడు ఆపి ఫోన్ ఎత్తుడు, మళ్ల ఎత్తుడు. గింత వయసుల అక్క బిడ్డ పెండ్లికి వస్తనో రానో మిషిన్‌కు చెప్పాల్నా రా?"

పిలవని పేరంటానికి పోకూడదంటారు. ఆపకుండా పిలిచే పేరంటానికీ పోబుద్ధి కాదని నాకు ఆ రోజే తెలిసింది.

కాళ్ల మీద పడ్డాను. అమ్మ సంచిలోంచి కుంకుమ భరిణె తీసి నా చేతిలో పెట్టింది. తొందరలో పెట్టబోతే బొట్టు మామ కనుబొమ్మ మీదికి జారింది.

"మామా, అక్క పెండ్లికి రావాలె."

మామ దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు.

"మామా, అత్తమ్మను తోలుకొని అక్క పెండ్లికి రావాలె!"

"మీ జవాబు అందలేదు," అన్నాడు మామ, అచ్చం నా గొంతుతో.

మూడోసారి పిలిచేటప్పుడు నిజంగానే ఏడ్చేశాను. అప్పుడు ఆయన కాలు తొక్కుడు బల్ల మీద ఆనించాడు. మిషన్ మళ్లీ కదిలింది.

"రజిత మొఖం సూసి వస్తున్న. నిన్ను సూసి కాదు."

ఒక్కటే అదృష్టం. మామ ఒకటి నొక్కలేదు కాబట్టి నా ప్రోగ్రాం రెండో చుట్టం దాకా పోనేలేదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆ ఇళ్లన్నీ మండుటెండలో నేనే తిరిగి పిలిచాను. పెళ్లిలో అక్క జాకెట్ ఒంటికి అతికినట్టు కుదిరింది, మామ అక్క చెయ్యి పట్టుకుని మండపంలోకి నడిచాడు. నేను మాత్రం ఆయన కంటబడకుండా వంటవాళ్ల మధ్య దాక్కున్నాను.

మొన్న నా పెళ్లి కార్డు ఇవ్వడానికి మామ ఇంటికి నేనే పోయాను. తలుపు కొట్టాను.

"కంప్యూటరా, మనిషా?" లోపల్నుంచి గొంతు.

"మనిషినే, మామా."

తలుపు తెరుచుకుంది. "అయితే చెప్పు. తిన్నవా?"

కాబట్టి కీబోర్డు మీద చెయ్యి వేసి, నా ప్రోగ్రాములన్నిటి సాక్షిగా ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంతకాలం ఆ ప్రశ్నకు జవాబు నా నోటితోనే చెప్తాను. ఆ రోజు చెప్పాను కూడా.

"తినలే, మామా."