మొదటి బొమ్మ ఆయనకే

మా పక్కింటి డ్రాయింగ్ మాస్టారు పోయిన నెల ఒక పొద్దున కన్నుమూశారు. వరండాలో కుర్చీలో కూర్చుని, చాయ్ సగం తాగి, అట్లాగే. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, గోడ మీదుగా నన్ను పిలిచింది. "తమ్మీ, ఒక్కపారి వస్తవా, మీ మాస్టారు పలుకుతలేడు" అన్నది. నేను వెళ్ళేసరికి చెయ్యి చల్లబడింది. వేళ్ళకు పెన్సిల్ నలుపు ఇంకా ఉంది.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని చంద్రాపూర్‌లోని మనవాళ్ళు అడిగారు. ఇది చదివేవాళ్ళలో కొందరు చిన్నప్పుడు ఆ వరండాలో కూర్చుని కుందేలో పిల్లికూనో గీసినవాళ్ళే. ఆయన ఎంత మంచివాడో వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. నేను చెప్పగలిగింది వేరే. ఆయనంటే నాకు కుళ్ళు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆయన తండ్రి తెలంగాణ నుంచి బొగ్గు గనిలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన మరాఠీ బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. ఆ తరువాత సాయంత్రాలు వరండాలో పిల్లలకు కార్టూన్ జంతువులు గీయడం నేర్పేవారు. ఫీజు లేదు. ఒకటే షరతు. మొదటిసారి పూర్తిచేసిన బొమ్మ ఆయనకు ఇచ్చెయ్యాలి. దాన్ని ముందుగది గోడకు పిన్నులతో గుచ్చేవారు. పిల్లలు ఏడ్చినా తిరిగి ఇచ్చేవారు కాదు. "రెండోది ఇంతకన్న మంచిగ వస్తది పో" అనేవారు.

ఆయన అట్లా నేర్పుతున్న రోజుల్లోనే నా భార్యకు జబ్బని తెలిసింది. నాగపూర్ తీసుకెళ్ళడం, తీసుకురావడం, మాత్రలు, జావ. ఇంట్లో మేం మాట్లాడుకునేది అవే. ఒక సాయంత్రం గోడ అవతల పిల్లల గోల వింటూ ఆమె, "నేను గూడ పోయి కూసుంట" అన్నది. పొద్దు గడుస్తుందని నేనే చెయ్యి పట్టుకుని దింపి వచ్చాను.

ఆమె ఎన్నడూ బొమ్మ గీసిన మనిషి కాదు. ముగ్గు కూడా పక్కింటివాళ్ళను చూసి వేసేది. మాస్టారు పాత ప్రశ్నపత్రం ఒకటి తిరగేసి ఆమె ముందు పెట్టారు. "ముందుగాల ఓ గుండ్రం, చెల్లె. అది తలకాయ. ఉన్నదా లేదా అన్నట్టు గీయాలె. దాని కింద ఇంకోటి, కడుపు." ఆమె ఒత్తి గీసింది. "హళూ, హళూ" అన్నారు మరాఠీలో, పిల్లలకు మెల్లగా గీయమని చెప్పినట్టే. "గట్ల ఒత్తితె కాగితానికి నొస్తది."

ఆమె నవ్వింది. జబ్బు సంగతి తెలిశాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. నేను గోడ ఇవతల పొయ్యి దగ్గర జావ కలుపుతున్నాను.

తరువాత ఓపిక ఉన్నప్పుడల్లా వెళ్ళేది. నాకు తెలియని సంగతులు ఇంటికి తెచ్చేది. కళ్ళు నుదుటి దగ్గర పెడితే పెద్దమనిషి ముఖం వస్తుందట. ముఖం సగానికి కిందికి దించి, ఎడంగా పెడితే పసితనం వస్తుందట. ముక్కు చిన్నగా, ఆ రెండు కళ్ళ నడుమే. మెడ అసలు వద్దు. ప్రతి మాటకూ ముందు "మాస్టారన్న చెప్పిండు" అనేది. డాక్టర్ చెప్పింది నేను గుర్తుచేస్తే మాత్రం అటు తిరిగి పడుకునేది.

ఒకరోజు ఆమె ఎలుగుబంటిని గీస్తుంటే నేనూ వెళ్ళి వాళ్ళ వెనుక నిలబడ్డాను.

"బావా, జర పక్కకు జరుగు. నీ నీడ ఎలుగు మీద పడుతంది" అన్నారు మాస్టారు.

"పడనియ్యన్నా. ఎలుగుకు నలుపు తక్కువైంది" అన్నది నా భార్య.

పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి ఆమె మందుల డబ్బా సర్దిందే మళ్ళీ సర్దుతూ కూర్చున్నాను.

ఆ ఎలుగే ఆమె పూర్తిచేసిన మొదటి బొమ్మ. లావు కడుపు, పొట్టి కాళ్ళు, గుండ్రటి చెవులు. కళ్ళకు నా అద్దాలు పెట్టింది. ఒక చేతిలో మందు సీసా, ఇంకో చేతిలో చెంచా. చెంచా ఎలుగు తలకాయంత ఉంది. అది నేనే. షరతు ప్రకారం మాస్టారి గోడకు వెళ్ళింది. తరువాత ఆమె కుందేళ్ళు గీసింది, ఏనుగులు గీసింది, మన తడోబా అడవి పులులకు కూనల ముఖాలు పెట్టింది. అవన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఎలుగును మళ్ళీ గీయలేదు. ఆ చలికాలం దాటకుండానే పోయింది.

ఆమె దినాలు అయ్యాక ఆ బొమ్మ ఇవ్వమని అడిగాను. మాస్టారు బ్లేడుతో పెన్సిల్ చెక్కుతూనే ఉన్నారు.

"ఇయ్య, బావా."

"అది నా బొమ్మ."

"నీ బొమ్మనే. గని నాకిచ్చింది. నీ తాన ఇల్లంత ఆమెనే ఉన్నది. నా తాన గీ కాగితమొక్కటే."

నేను లేచాను. ఆయన నా చొక్కా పట్టి కూర్చోబెట్టారు. "నువ్వు గూడ గీయి. రోజు వస్తె రోజు సూసుకుంటవ్" అన్నారు.

వెళ్ళాను. నేర్చుకోవడానికి కాదు, ఆ గోడ కోసం. నా ఏనుగును చూసి ఆయన, "ఇది ఎవరి మీదనో గుస్స మీదున్నది" అన్నారు. "మీ మీదనే" అన్నాను. దగ్గు వచ్చేదాకా నవ్వి, దాన్ని తీసుకెళ్ళి తలుపు వెనుక గుచ్చారు. ఆమె పోయాక నా ముందు ఆమె మాట ఎత్తడానికి అందరూ జంకేవారు. ఆయన జంకలేదు. ఏ గీత దగ్గర ఆగిపోయేదో, ఎవరి ముఖం తలచుకుని పిల్లికి మీసాలు పెట్టిందో చెప్పేవారు. ఆ మేలు మరవను. కానీ అవన్నీ ఆయన చెప్తే నేను వినాల్సి వచ్చిందని విన్నంతసేపూ లోపల కాలేది.

మొన్న మాస్టారి దినాలు కూడా అయ్యాయి. వాళ్ళ ముందుగదిలో నిలబడి ఎలుగువైపే చూస్తున్నాను. మనిషి పోయిన ఇంట్లో వస్తువు అడగలేం. అడిగినా, ఆయన రోజూ చూసుకున్న బొమ్మను అక్క ఇవ్వదనుకున్నాను.

"దానికే వచ్చినవ్ గద తమ్మీ. తీస్కపో" అన్నది.

"మాస్టారి గుర్తు గదక్కా. ఉండనీ."

"ఏం గుర్తు? పొద్దుగాల లేస్తె దాన్ని సూసి నవ్వెటోడు. నా మొకం సూసి ఎన్నడన్న గట్ల నవ్విండా? మీ ఇంటామె వచ్చినన్ని దినాలు గీడ ఇద్దరు ఒకటే కిలకిల. నేను లోపట చాయ్ వోస్కుంట ఉంటి. పాపం, ఆమెకు పానం మంచిగలేదని తెలుసు. అయినా మండేది."

"నాక్కూడ, అక్కా" అన్నాను.

"నీకు గూడనా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. ఇదంతా రాయనా అని అడిగాను. "రాయి. ఇప్పుడు ఆయన సదువుతడా ఏంది" అన్నది.

స్టూలు వేసుకుని పిన్నులు తనే పీకింది. మన ఊళ్ళో బొగ్గు దుమ్ము పట్టని గోడ ఉండదు. కాగితం వచ్చేసిన చోట మాత్రం సున్నం నిన్న వేసినంత తెల్లగా బయటపడింది. అక్క బొమ్మను చూడకుండానే నా చేతికిచ్చింది. ఆ తెల్లటి చోటు మీద అరచెయ్యి ఆనించి అట్లాగే నిలబడింది. నేను గడప దాటి చెప్పులు వేసుకునేదాకా చెయ్యి తీయలేదు.